ప్రారంభోత్సవం కానిదే కేసులు తీసుకోబడవు

లా చదివే పిల్లలకి పుస్తకాలొక్కటే చాలవని, ప్రాక్టికల్స్ కూడా ఉండాలని పైన ఎవరో పెద్దవాళ్ళు తీర్మానించారు. మంచిదే. సైన్సు పిల్లలకి కప్పలున్నాయి, డాక్టరీ పిల్లలకి శవాలున్నాయి, పాపం లా పిల్లలకి ఏముందీ అని ఆలోచించి మానవ హక్కులిచ్చారు. అమలాపురానికీ రాజోలుకీ మధ్య, రోడ్డు పక్క కొబ్బరితోటలో ఉన్న ఆ లా కాలేజీకి ఈ కబురు తొంభై తొమ్మిదిలో అందింది. కాలేజీ పేరూ ఊరి పేరూ ఎందుకులెండి. చెప్తే ప్రిన్సిపాలు దుర్గాప్రసాద్ గారు నొచ్చుకుంటారు. ఆయన నొచ్చుకుంటే ఊరికే ఉండరు, నోటీసిస్తారు.

దుర్గాప్రసాద్ గారు ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి. ఆయన పద్ధతిలో ముందు బ్యానరు, తర్వాత ముఖ్య అతిథి, ఆ తర్వాత టిఫిన్లు. పని సంగతి చివర్లో, టైముంటే. విరిగిన బెంచీలూ క్రికెట్ కిట్టూ పడేసే గది ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, గుమ్మం మీద 'మానవ హక్కుల న్యాయ సహాయ కేంద్రం' అని బోర్డు రాయించారు. ప్రారంభోత్సవం దాకా ఎవరి కంటా పడకుండా దాని మీద పాత దుప్పటి కప్పించారు. డిసెంబరు పది, మానవ హక్కుల దినం. శుక్రవారం, తిథి కూడా దివ్యంగా ఉందని పంచాంగం చూసి మరీ చెప్పారు. ముఖ్య అతిథిగా మొదట జడ్జిగారిని అడిగారు, ఆయనకి కుదర్లేదు. ఎమ్మెల్యేగారిని అడిగారు, ఆయనకి ఆ రోజు వరసబెట్టి పెళ్ళిళ్ళు. చివరికి ఊళ్ళో ఎస్సైగారు వస్తానన్నారు. మానవ హక్కుల కేంద్రానికి పోలీసాయన రిబ్బను కత్తిరించడమేవిటని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పిలిస్తే వచ్చే అతిథి దొరకడమే గొప్పగా ఉన్న రోజులు.

కేంద్రానికి విద్యార్థి కార్యదర్శి శిరీష. మలికిపురంలో కొబ్బరి వ్యాపారం చేసే మాణిక్యాలరావు గారి అమ్మాయి, ఆఖరి సంవత్సరం. క్లాసులో అందరికన్నా బాగా చదువుతుంది, ఆ సంగతి ఆమెకి కూడా తెలుసు. అరెస్టు చేసిన మనిషిని ఇరవై నాలుగ్గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. ఇంతవరకూ ఎవరూ నిద్రలేపి అడగలేదు, అంతే.

అడగాల్సిన మనిషి మంగళవారం పొద్దున్న వచ్చింది. కాలేజీ తుడిచే కాంతమ్మ. గది కడిగేసి, చీపురు గుమ్మం పక్కన పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని నిలబడింది. లోపల దుర్గాప్రసాద్ గారు, శిరీష, వినయ్ అనే మరో కుర్రాడు కూర్చుని, శాలువా ఏ రంగుదైతే ఎస్సైగారి యూనిఫాం మీద ఫోటోలో బాగా పడుతుందో చర్చిస్తున్నారు.

"సార్‌గారండీ," అంది కాంతమ్మ. "మా ఆయన్ని నిన్న స్టేషన్‌కి తీసుకెళ్ళేరండీ. తోటలో నీళ్ళ మోటారు పోయిందంటండీ. ఆ తోటలో దింపు తీసింది నువ్వే కదా, నీమీదే అనుమానం అన్నారండీ. సాయంత్రానికి పంపిత్తామన్నారు. ఇప్పటికీ రాలేదండీ. నేనెళ్తే గుమ్మం ఎక్కనివ్వట్లేదండీ."

ఆమె భర్త నతానియేలు కొబ్బరి దింపు తీసే మనిషి. కాళ్ళకి బంధం వేసుకుని ఎంత చెట్టయినా చూస్తుండగా ఎక్కి, గెలలు నరికి దించడమే అతని పని. కాంతమ్మ జీతం బియ్యానికి, అతని దింపు కూలి మిగతా అన్నిటికీ. ఇద్దరు పిల్లలు.

"అయ్యయ్యో, పాపం," అన్నారు దుర్గాప్రసాద్ గారు. నిజంగానే ఆయనకి పాపం అనిపించింది. ఆయన చెడ్డమనిషి కాదు, అదే వచ్చిన తంటా. "కానీ చూడు కాంతమ్మా, మన కేంద్రం ఇంకా ప్రారంభం కాలేదు కదా? ప్రారంభోత్సవం కానిదే కేసులు తీసుకోకూడదు. శుక్రవారం ఎంతలోకి వస్తుందీ? మొదటి కేసు నీదే రాయిస్తాను, సరేనా?"

"ఆయ్, అలాగేనండీ," అంది కాంతమ్మ. చీపురు తీసుకుంది. మానవ హక్కుల గుమ్మం ముందు రాలిన కొబ్బరి పూత తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

శిరీష శాలువా సంగతి పక్కన పెట్టింది. "సర్, రేపెలాగూ మనం స్టేషన్ తనిఖీకి వెళ్తున్నాం కదండీ? అక్కడ ఆయన్ని చూడొచ్చు కదండీ," అంది.

"చూద్దాం, చూద్దాం. కానీ స్టడీ విజిట్‌లో సొంత కేసులెత్తకూడదమ్మా, వాళ్ళకి బావుండదు," అన్నారాయన.

ఆ తనిఖీ సంగతి కూడా చెప్పాలి. పిల్లల రికార్డుల్లో 'ఆకస్మిక తనిఖీ' అని ఒక అధ్యాయం ఉండాలి. అందుకని దుర్గాప్రసాద్ గారు, 'మా విద్యార్థులు మీ స్టేషన్‌ను ఆకస్మికంగా తనిఖీ చేయదలచారు, తమకు ఏ రోజు వీలవుతుందో తెలుపగలరు' అని ఎస్సైగారికి వినయంగా ఉత్తరం రాశారు. ఎస్సైగారు కూడా అంతే వినయంగా, బుధవారం పదకొండింటికి ఆకస్మికంగా వచ్చెయ్యండి, టిఫిన్ ఇక్కడే, అని కబురు పంపారు.

బుధవారం క్లాసు క్లాసంతా తెల్లబట్టలేసుకుని వెళ్ళింది. స్టేషన్ పెళ్ళివారిల్లులా ఉంది. గుమ్మానికి మామిడి తోరణం ఒకటే తక్కువ. ఎస్సైగారు ఎదురొచ్చి, "రండి రండి, కాబోయే జడ్జిగార్లూ!" అని అందరికీ కుర్చీలేయించారు. ఆత్రేయపురం పూతరేకులు, కూల్‌డ్రింకులు. తిన్నాక, మూతులు తుడుచుకున్నాక, మానవ హక్కులు చూడ్డానికి లాకప్ దగ్గరికి తీసుకెళ్ళారు.

లాకప్‌లో ఒక్కడే మనిషి. కొత్త చాప, కడిగిన కూజా, చేతిలో ఆ రోజు పేపరు. ఉతికిన లుంగీ మీద తెల్ల బనీను, బనీను కింద నిండైన బొజ్జ, దువ్విన మీసం, ఉంగరాల జుట్టు. పిల్లలు ఊచల ముందు వరసగా నిలబడి ప్రశ్నలు మొదలుపెట్టారు.

"మీకు టిఫిన్ పెడుతున్నారా అండీ?"

"ఆయ్, పెడతన్నారండీ. పొద్దున్నే ఇడ్లీ అండీ, అల్లం పచ్చడండీ, ఒక్కోరోజు పెసరట్టు ఉప్మా అండీ." ఈ జవాబు అతను చక్కగా, ముక్క తడుముకోకుండా చెప్పాడు. మన హాస్టల్ కన్నా ఇదే నయంరా అన్నారు వెనకనుంచి ఎవరో.

శిరీష ముందుకెళ్ళింది. "మీ పేరేంటండీ?"

లోపలి మనిషి గతుక్కుమన్నాడు. టిఫిను సంగతైతే నేర్పారు గానీ పేరు సంగతి ఎవరూ నేర్పినట్టు లేదు. అటూ ఇటూ చూసి, "నతానియేలండీ," అన్నాడు.

శిరీషకి ప్రాణం లేచొచ్చింది. కాంతమ్మ మొగుడు! చక్కగా, ఆరోగ్యంగా, పేపరు చదువుకుంటూ! "ఎందుకు తీసుకొచ్చారండీ మిమ్మల్ని?"

"మోటారు దొంగతనవండీ. నాకే పాపం తెలీదు తల్లీ!" అన్నాడు, రెండు చేతులూ జోడించి. గొంతులో జీర కూడా వచ్చింది.

"ఎప్పుడు తీసుకొచ్చారు?"

ఎస్సైగారు చిన్నగా దగ్గారు. కానీ లోపలి మనిషి అప్పటికే ఎక్కడికో వెళ్ళిపోయాడు. "సోమవారం నుంచీ ఈ చీకటి కొట్లోనే మగ్గిపోతన్నానమ్మా! నాన్నేడీ, నాన్నేడీ అని నా పసికందులు గుమ్మం వంక చూసి చూసి..." అని ఊచలు పట్టుకుని భోరుమన్నాడు. ఆడపిల్లల్లో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

ఎస్సైగారు ఈసారి గట్టిగా దగ్గారు. ఆ దగ్గు వినగానే ఖైదీ ఏడుపు ఠక్కున ఆపి, మడమలు దగ్గరికి చేర్చి, కర్రలా నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. కొట్టాక నాలిక్కరుచుకుని, అదే చేత్తో నుదురు తుడుచుకున్నాడు. వినయ్ తన రికార్డులో, 'ఖైదీలలో క్రమశిక్షణ మిక్కిలి ప్రశంసనీయము' అని రాసుకున్నాడు. తర్వాత గ్రూపు ఫోటో తీశారు.

శిరీష రోడ్డు మీద నడవలేదు, తేలిపోయింది. తిన్నగా కాలేజీ వెనక పంపు దగ్గరున్న కాంతమ్మ దగ్గరికి వెళ్ళి, "కాంతమ్మా, మీ ఆయన్ని చూసేను! బావున్నాడు, నువ్వేం దిగులుపడకు. ఇడ్లీలు పెడుతున్నారట," అంది.

కాంతమ్మ బకెట్టు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. "చూసేరాండీ పాపగారూ? మీరు సల్లగుండాలి. దెబ్బలేవైనా తగిలేయాండీ? చిక్కిపోయేడాండీ?"

"చిక్కడమేంటి, నిక్షేపంలా ఉన్నాడు. ఇంత బొజ్జ!"

కాంతమ్మ చేతులు అలాగే గాలిలో ఆగిపోయాయి. "బొజ్జేంటండీ?" అంది. "మా ఆయనకి బొజ్జెక్కడిదండీ? బొజ్జేసుకుని చెట్టెలా ఎక్కుతాడండీ?"

ఓరి భగవంతుడా! ఆ క్షణంలో శిరీష మొహం చూడాలి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాన్న వెంట తోటలకి తిరిగిన పిల్ల. దింపు తీసేవాళ్ళ ఒళ్ళెలా ఉంటుందో, రొమ్ము మీద చెట్టు ఒరుసుకున్న నల్లటి కాయలెలా ఉంటాయో చూస్తూ పెరిగిన పిల్ల. అంతటిదీ లా చదివేసరికి బొజ్జున్న దింపుమనిషిని చూసి ఆనందపడి వచ్చింది. పూతరేకు కూడా రెండోది అడిగి తింది.

"ఉంగరాల జుట్టాండీ? మీసం ఇలా మెలేసుంటదాండీ? మాటాడితే నాటకంలాగుంటదాండీ?" అని కాంతమ్మే అడిగింది. "ఆయన హోంగార్డు పాపారావు గారండీ. చవితి పందిట్లో నాటకాలేత్తారండీ. మరి మా ఆయనేడండీ?"

అప్పటికి శిరీషకి సంగతి తెలిసొచ్చింది. మోటారు పోతే ఒక మనిషిని తీసుకెళ్ళారు. పిల్లలొస్తున్నారని తెలిసి ఆ మనిషిని ఎక్కడో దాచి, కొట్లో హోంగార్డుని కూర్చోబెట్టారు. ఎక్కడ దాచారో, ఏం చేస్తున్నారో! కాంతమ్మ ఏడవలేదు. మెట్టు మీద కూలబడి, "చెట్టు మీంచి పడితే ఎక్కడున్నాడో తెలుత్తాదండీ," అంది.

సాయంత్రం శిరీష దుర్గాప్రసాద్ గారింటికి పరుగెత్తింది. ఆయన ఆహ్వాన పత్రికల మీద పసుపు బొట్లు పెడుతున్నారు. అంతా విని కళ్ళజోడు తీసేశారు.

"ముఖ్య అతిథి మీద కేసా! కార్డులచ్చయిపోయేయమ్మా!"

"సర్, ఆయన నతానియేలు కాదండీ. ఆయనకి ఇంత బొజ్జ ఉందండీ."

"దింపువాళ్ళకి బొజ్జ ఉండకూడదని ఏ చట్టంలో ఉందమ్మా? ఏ సెక్షను?" అన్నారు దుర్గాప్రసాద్ గారు. "నువ్వు తెలివైన పిల్లవి. ప్రాక్టికల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి. ఈ రెండు ముక్కలూ కలిపి ఆలోచించుకో."

శిరీష ఆలోచించుకుంది. రాత్రంతా ఆ రెండు ముక్కలూ ఎంత కలిపినా కలవలేదు. పొద్దున్నే కాంతమ్మని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

వాళ్ళ నాన్న వ్యాపారం తగాదాలన్నీ చూసే ప్లీడరు కేశవరావు గారు కోర్టు ఎదురుగా ఒక పెంకుటింటి అరుగు మీద ఉంటారు. ఎప్పుడూ సగం కళ్ళు మూసుకునే ఉంటారు. సంగతి సగం వినేసరికి ఆ కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి.

"అమ్మాయ్, ఆగాగు. స్టేషన్లో మనిషిని అక్రమంగా పెట్టేరండీ అని మనం పిటిషనేస్తే మేజిస్ట్రేటుగారు అడిగే మొదటి మాటేంటి? చూసినవాళ్ళెవరయ్యా అని. నా సర్వీసంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే చచ్చేను. అలాంటిది ఇక్కడ ఎస్సైయే క్లాసు క్లాసుని పిలిచి, పూతరేకులు పెట్టి మరీ సాక్షుల్ని తయారుచేసేడా? అబ్బబ్బబ్బ!"

"కానీ బాబాయిగారూ, మేం చూసినాయన నతానియేలు కాదు కదండీ."

"కాదని ఎస్సై చెప్పేడా?"

"లేదండీ. పక్కనే ఉన్నారు. దగ్గేరంతే."

"మరింకేం? అబద్ధం ఒక్క ముక్కొద్దు. పేరు నతానియేలని చెప్పిన మనిషొకడు లాకప్‌లో ఉన్నాడు, సోమవారం నుంచీ ఉన్నానన్నాడు, ఎస్సై ఎదురుగానే అన్నాడు. విన్నది విన్నట్టు రాయి. దగ్గు కూడా రాయి."

మేజిస్ట్రేటు గారు చదివి, దగ్గు దగ్గర ఒకసారి ఆగి, స్టేషన్ సోదా చేసి మనిషిని తీసుకురమ్మని వారంటిచ్చారు. ఆ పనికి ఒక యువ లాయరుని కమిషనరుగా పంపించారు. మధ్యాహ్నం నలుగురూ ఒక ఆటోలో దిగేసరికి స్టేషన్ గుమ్మంలో సెంట్రీ ఎవరనుకున్నారు? ఖాకీ డ్రస్సులో, లాఠీతో, పాపారావు.

శిరీష ఆటో దిగి నేరుగా అతని ముందు నిలబడింది. "కమిషనర్ గారూ, ఈయనేనండీ నతానియేలని చెప్పింది. సోమవారం నుంచీ చీకటి కొట్లో మగ్గిపోతున్నారు. దయచేసి వెంటనే విడిపించండి."

పాపారావు నోరు తెరిచాడు. "నేనా? అమ్మా, నేను హోంగార్డునండీ! డ్యూటీలో ఉన్నానండీ బాబూ!"

"భయపడకండి, మేమున్నాం. నిన్న పసికందుల్ని తల్చుకుని మీరేడుస్తుంటే నాకు రాత్రంతా నిద్రపట్టలేదు."

"అమ్మా, అది వేరండీ... అది ఊరికే..."

"ఎంత ఘోరవండీ!" అని కేశవరావు గారు బుగ్గలు నొక్కుకున్నారు. "ఖైదీకి యూనిఫాం కూడా తొడిగేసేరు. చేతికి లాఠీ ఇచ్చి కాపలా కూడా వాడిచేతే కాయిస్తున్నారు!"

గొడవ విని ఎస్సైగారు బయటికొచ్చారు. కమిషనరు వారంటు చూపించి, "సార్, ఈయన ఖైదీయా, హోంగార్డా?" అని అడిగాడు. ఎస్సైగారికి చెమట పట్టింది. ఖైదీ అంటే, సోమవారం నుంచీ కోర్టుకెందుకు పంపలేదని అడుగుతారు. హోంగార్డంటే, నిన్న ఊచల వెనక ఏం చేస్తున్నాడని, ఆ పేరెవరిదని, ఆ పేరున్నవాడెక్కడని అడుగుతారు. ఎటు చూసినా క్లాసు క్లాసంతా సాక్ష్యం, పైపెచ్చు గ్రూపు ఫోటో.

ఆయన పాపారావు వంక చూసిన చూపుకి పచ్చి కొబ్బరిమట్ట కూడా మండేదే. తర్వాత లోపలికెళ్ళి కానిస్టేబులుతో ఏదో అన్నారు. కాసేపటికి స్టేషన్ వెనకున్న కొబ్బరిపీచు గోదాములోంచి ఒక మనిషిని నడిపించుకొచ్చారు. సన్నటి మనిషి. పొడుగు చేతుల చొక్కా ఎవరిదో తొడిగారు, అతనికి వదులుగా ఉంది.

"నతానియేలండీ. ఇప్పుడే బస్టాండులో దొరికేడు. కోర్టుకే బయల్దేరదీస్తున్నాం, ఇంతలో మీరే వచ్చేరు," అన్నారు ఎస్సైగారు. నతానియేలు జుట్టు నిండా పీచు. ఆ ఊరి బస్టాండులో పీచు బాగా ఎగురుతుంది కాబోలు.

కాంతమ్మ వెళ్ళి మొగుడి తలలో పీచు ఒక్కొక్కటే తీసింది. అతను కదలకుండా, చేతులు వేలాడేసుకుని, బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు. కోర్టులోనూ అలాగే నిలబడ్డాడు. మేజిస్ట్రేటు గారు, "నిన్నేమైనా కొట్టేరా?" అని అడిగితే, పక్కనున్న ఎస్సైగారి బూట్ల వంక చూసి, "లేదండీ," అన్నాడు. సొంత పూచీ మీద ఇంటికి పంపించారు.

శిరీష ఆ సాయంత్రం అద్దంలో తనని తాను రెండుసార్లు చూసుకుంది. నల్లకోటు వేసుకుంటే ఎలా ఉంటుందా అని టవలు భుజాన వేసుకుని కూడా చూసుకుంది. గెలిచానని ఆమె గట్టి నమ్మకం.

శుక్రవారం పొద్దున్న కాలేజీకి వెళ్తే, ప్రిన్సిపాలు తిడతారనుకున్న పిల్లకి ఆయన ఎదురొచ్చి చెయ్యి కలిపారు. ఆయనకి కోపమేవీ లేదు. పైగా రాత్రికి రాత్రే బ్యానరు మీద ఇంకో లైను రాయించారు: 'ముఖ్య అతిథి వారి సహకారంతో మన కేంద్రం సాధించిన తొలి విజయం'. ఎస్సైగారు కూడా ఇస్త్రీ నలగని యూనిఫాంలో వచ్చి, "లాయరమ్మగారు బావున్నారా?" అని నవ్వుతూ పలకరించారు. శిక్షంటూ పడింది పాపారావొక్కడికే. విధి నిర్వహణలో క్రమశిక్షణ లోపించిందని అతన్ని డ్యూటీలోంచి తీసేశారట. రికార్డుల్లో మొదటి బహుమతి వినయ్‌కి వచ్చింది. ఖైదీల క్రమశిక్షణ గురించి అతను రాసిన పేరా మైకులో చదివి వినిపిస్తే ఎస్సైగారే ముందు చప్పట్లు కొట్టారు.

రిబ్బను కత్తిరించారు. బోర్డు మీది దుప్పటి తీశారు. మానవ హక్కులు ముందు మన మనసులో ఉండాలని ఎస్సైగారు చక్కగా మాట్లాడారు. అప్పుడు దుర్గాప్రసాద్ గారు మైకందుకుని, "ఇప్పుడు ఒక ముఖ్య ఘట్టం," అన్నారు. "మన కేంద్రం ద్వారా స్వేచ్ఛ పొందిన సోదరుడు నతానియేలు, మన ముఖ్య అతిథి గారిని స్వయంగా పూలమాలతో సత్కరిస్తారు!"

నతానియేలుని కాలేజీ అటెండరు పొద్దున్నే వెళ్ళి తీసుకొచ్చాడు. వెనక కాంతమ్మ కూడా వచ్చింది. స్టేజీ ఎక్కించి అతని చేతుల్లో ఇంత లావు బంతిపూల దండ పెట్టారు. ఎస్సైగారు ఎదురుగా నిలబడి, నవ్వుతూ తల కాస్త వంచారు.

దండ పైకి రాలేదు.

నతానియేలు చేతులు రొమ్ము దాకా వచ్చి ఆగిపోయాయి. ఎస్సైగారు ఇంకాస్త వంగారు. చేతులు అక్కడే ఉన్నాయి. ఫోటోగ్రాఫరు, "ఇంకొంచెం సార్, ఇంకొంచెం," అన్నాడు. ఎస్సైగారు నడుం దగ్గర విరిగిపోతారేమో అన్నంత వంగారు. హాల్లో పిల్లలు కిసుక్కున నవ్వారు. "పాపం, మొహమాటపడుతున్నాడు," అన్నారు దుర్గాప్రసాద్ గారు మైకులో.

ముందు వరసలో ఉన్న శిరీషకి నవ్వు రాలేదు. నతానియేలు మొహమంతా చెమట. మోచేతులు డొక్కలకి అంటించినట్టున్నాయి, ఎంత ఎత్తబోయినా ఊడి రావట్లేదు. చెట్టు మొవ్వులో పొద్దస్తమానం తల పైకి చేతులెత్తి కత్తి విసిరే మనిషి. నిన్న కోర్టులో ఆ చేతులు వేలాడుతుంటే, ఎంత వినయమో అనుకుంది తను. బొజ్జ చూసి ఒకసారి, చేతులు చూసి ఒకసారి. కళ్ళుండీ రెండుసార్లూ చూడలేదు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

కాంతమ్మ స్టేజీ ఎక్కింది. మొగుడి చేతుల్లోంచి దండ మెల్లిగా తీసి బల్ల మీద పెట్టింది. అలా పెట్టడానికి ఆమె సరిగ్గా మైకు ముందుకొచ్చింది.

"సార్‌గారండీ, ప్రారంభోత్సవం అయిపోయిందాండీ?"

"అయిపోయిందమ్మా, రిబ్బను కత్తిరించేరు కదా. నువ్వు కిందికి దిగు," అన్నారు దుర్గాప్రసాద్ గారు.

"ఆయ్. అయితే ఇప్పుడు కేసులు తీసుకుంటారాండీ?"

"తీసుకుంటాం, తీసుకుంటాం. కానీ ఇప్పుడు కాదు..."

"మొదటి కేసు నాదే రాయిత్తానన్నారు కదండీ మంగళవారం. రాసుకోండి." ఆమె గొంతు పెంచలేదు. పెంచాల్సిన పని మైకే చేసింది. "మా ఆయన చేతులు ఎనక్కి ఇరిచి కట్టి, గోదాములో దూలానికి ఏలాడదీసేరండీ. బుజాలు పోయేయండీ. రాత్రి అన్నం నేనే తినిపించేను. ఇంక చెట్టెక్కలేడండీ. ఏలాడదీసినోరు ఎవరని అడుగుతారేమో, ఎక్కడికీ ఎల్లక్కర్లేదండీ. దండ కోసం తలొంచుకుని మా ఆయన ఎదురుగానే ఉన్నారు."

ఎస్సైగారు నిజంగానే ఇంకా సగం వంగే ఉన్నారు. అప్పుడు నిటారుగా లేచారు. హాల్లో నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. దుర్గాప్రసాద్ గారు, "వందన సమర్పణ! వినయ్, వందన సమర్పణ!" అని చేతులూపారు. వినయ్ కాగితం పట్టుకుని సగం మెట్ల దాకా వచ్చి, నతానియేలు చేతుల వంక చూసి, అక్కడే నిలబడిపోయాడు.

శిరీష స్టేజీ ఎక్కింది. మార్కుల సంగతి ఆమెకి గుర్తుంది, గుర్తులేక కాదు. పూల గుడ్డ కప్పిన ముఖ్య అతిథి కుర్చీని బర్రుమని ఈడ్చుకొచ్చి, నతానియేలుని అందులో కూర్చోబెట్టింది. వినయ్ చేతిలోంచి వందన సమర్పణ కాగితం లాక్కుని, వెనక్కి తిప్పి, కలం తీసింది.

"మీ పేరు చెప్పండి," అంది.

"నతానియేలండీ," అన్నాడతను.

ఎస్సైగారు గట్టిగా దగ్గారు. ఈసారి లేచి సెల్యూట్ కొట్టినవాళ్ళెవరూ లేరు.